సెంచరీ క్రాక్ గారికి ఒక బహిరంగ లేఖ

అయ్యా సెంచరీ క్రాక్ గారూ,

యూటా ఎడారిలో, కాన్యన్‌ల్యాండ్స్ నేషనల్ పార్కులో, వైట్ రిమ్ అంచు కింద రాతి కప్పుకి సుమారు 120 అడుగుల పొడవున పగిలి కూర్చున్నారు, సంతోషం, కానీ ఆ పగిలేదేదో ఒక పద్ధతిగా పగలొచ్చు కదండీ. సన్నగా పగిలుంటే రాళ్ళెక్కే మేం వేళ్ళు దూర్చి బిగించేవాళ్ళం, అరచెయ్యి పట్టేంత ఐతే ఇంకా హాయి, పోనీ మనిషి పట్టేంత ఉన్నా లోపలికి దూరి వీపూ కాళ్ళూ ఆనించి ఎలాగోలా పాకేవాళ్ళం. మీరేమో పిడికిలికి వదులు, ఒంటికి ఇరుకు! ఇలాంటి వాటిని ఆఫ్‌విడ్త్ అంటారు, ఆ మాట వినగానే సగంమంది క్లైంబర్లకి ఇంట్లో ఏదో అర్జెంటు పని గుర్తొస్తుంది. మా ఇంటి గోడకి ఇంత పగులొస్తే మేస్త్రీని పిలిచి సిమెంటు కొట్టించేస్తాం తెల్సా.

ఇంతకీ మీ దర్శనం ఎలాగంటే, రెండు చేతులూ పక్కపక్కన పేర్చి పగుల్లో ఇరికించాలి, తర్వాత కాళ్ళు తలకంటే ముందు పైకెత్తి పాదాలు మెలిపెట్టి బిగించాలి, అప్పుడు తలకిందులుగా వేలాడుతూ అంగుళం అంగుళం జరగాలి. చేతులకి టేపు ఎంత చుట్టుకున్నా తోలు మీకే నైవేద్యం. పడితే తాడు ఆపాలి కాబట్టి పగుల్లో బిగించి పెట్టే క్యామ్‌లనే పరికరాలు కూడా మీకు చిన్నవి ఆనవు, పెద్దపెద్దవే కావాలి, ఆ బరువంతా నడుముకే.

ఇంత బిల్డప్ ఇచ్చారా, చివరికి మీ పని పట్టిందెవరు? ఎడారన్నదే లేని షెఫీల్డ్ నుంచి వచ్చిన ఇద్దరు ఇంగ్లీషోళ్ళు. టామ్ రాండల్ ఇంటి సెల్లార్‌లో చెక్కలతో పగుళ్ళు కట్టుకుని, ఆయనా పీట్ విట్టేకరూ రెండేళ్ళపాటు దాంట్లో తలకిందులుగా వేలాడి, 2011లో వచ్చి మిమ్మల్ని ఎక్కేసి ఎక్కడం ఎంత కష్టమో చెప్పే కొలతలో 5.14బి అని గ్రేడిచ్చి వెళ్ళారు. ప్రపంచంలోనే కష్టమైన ఆఫ్‌విడ్త్ అన్న పేరు మీకొచ్చింది నిజమే, కానీ ప్రకృతి యుగాలు పట్టి తయారుచేసిన మిమ్మల్ని ఎక్కడానికి కోచింగ్ సెంటర్ నాలుగు చెక్కలూ కొన్ని స్క్రూలూ అంటే కొంచెం నామోషీగా లేదూ?

పైగా మీకు సెలవులు కూడానట. వాన పడితే ఇసుకరాయి నాని మెత్తబడుతుంది, ఆరేదాకా ఎవరూ ముట్టుకోకూడదు. మా మోకాళ్ళకి ఆ రూల్ ఎందుకు లేదో!

సరే, ఓ రెండంగుళాలు అటో ఇటో సర్దుకునే ఉద్దేశం ఉంటే కబురు పెట్టండి, లేదంటే ఇక్కడ క్లైంబింగ్ జిమ్ములో రంగురంగుల ప్లాస్టిక్ హోల్డులు పట్టుకుని బానే ఉన్నాం.

ఇట్లు,
తోలు మీద ప్రేమ ఉన్న ఒక క్లైంబర్