బ్యాకప్ ఉన్నా రెండు వారాలు ఎందుకు?

2022 నవంబర్ 23న సైబర్ దాడితో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లు ఆగిపోయాయి. ఓపీ చీటీల నుంచి ల్యాబ్ రిపోర్టుల దాకా అన్నీ చేత్తో రాయాల్సి వచ్చింది. దూరప్రాంతాల నుంచి వచ్చిన రోగులకు అది నరకం. దాడి సోకని బ్యాకప్ సర్వర్ నుంచి ఆసుపత్రి పనులు నడిపే ఇ-హాస్పిటల్ సాఫ్ట్‌వేర్ డేటా మొత్తం వెనక్కి తెచ్చామని కేంద్రం పార్లమెంటులో చెప్పింది. సంతోషమే. కానీ ఓపీ రిజిస్ట్రేషన్ వంటి సేవలు చాలావరకు గాడిన పడేసరికి రెండు వారాలైంది.

డేటా కాపీ భద్రంగా ఉంటే చాలదు. దాన్ని కొత్త సర్వర్లలోకి ఎక్కించాలి, వైరస్ మిగల్లేదని తేల్చుకోవాలి. అత్యవసర విభాగం ముందా, బిల్లింగ్ ముందా అన్నది ఎవరో ఒకరు నిర్ణయించాలి. ఆ అధికారం ఎవరిదో ముందే రాసిపెట్టుకోకపోతే, కష్టం వచ్చిన రోజు ఫోన్ల మీద ఫోన్లతోనే పొద్దు గడిచిపోతుంది.

డబ్బు విషయంలో మాత్రం మన వ్యవస్థ త్వరగానే మేల్కొంది. 2021 ఫిబ్రవరి 24న నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజీలో ట్రేడింగ్ దాదాపు నాలుగు గంటలు నిలిచిపోయింది. అసలు సర్వర్లు ఆగితే పని నడిపేందుకు ప్రత్యామ్నాయ కేంద్రం ఉండీ దానికి ఎందుకు మారలేదని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిలదీసింది. విపత్తుగా ప్రకటించాక 45 నిమిషాల్లో కీలక వ్యవస్థలు తిరిగి నడవాలని నెల తిరిగేలోగా గడువు పెట్టింది. 2024 మార్చి 2న, శనివారమైనా మార్కెట్ తెరిచి, ఆ ప్రత్యామ్నాయ కేంద్రం నుంచి నిజమైన లావాదేవీలే నడిపి చూశారు. రిహార్సల్ అంటే అదీ.

షేర్ల లావాదేవీలకు ఉన్న ఈ పట్టుదల రోగి ప్రాణానికి ఎందుకు ఉండకూడదు? రేషన్ దుకాణంలో, మీ సేవ కేంద్రంలో ‘సర్వర్ డౌన్, రేపు రండి’ అని చెబితే కూలీ ఒక రోజు పని పోగొట్టుకుంటాడు. ఆ నష్టాన్ని లెక్కగట్టేవారే లేరు.

రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలను మేం కోరేది ఇదే. ఆసుపత్రులు, రేషన్, పింఛన్లు, రిజిస్ట్రేషన్లు... ఏ సేవ ఆగితే ఎన్ని గంటల్లో తిరిగి మొదలవ్వాలో జీవోలో రాయండి. ఏడాదికి రెండుసార్లయినా అసలు సర్వర్లను పక్కనపెట్టి, ప్రత్యామ్నాయ కేంద్రం నుంచే పని నడిపి చూడండి. ఎంత సమయం పట్టిందో, ఎక్కడ తడబడ్డారో ప్రజల ముందు పెట్టండి. జిల్లా ఆసుపత్రులతో మొదలుపెట్టండి.