టెర్మినల్ తమ్ముడు, ఎక్సెల్ అన్న

(గొడవంతా ఒక టెక్స్ట్ ఫైల్ గురించి. కాలమ్‌ల మధ్య ఎడాపెడా స్పేస్‌లు, దాన్ని స్ప్రెడ్‌షీట్‌లోకి ఎక్కించాలి. తమ్ముడు టెర్మినల్‌లో, అంటే కమాండ్‌లు టైప్ చేసే తెర మీద పని చేస్తాడు, అన్న ఎక్సెల్‌లో.)

తమ్ముడు: అన్నా, దీనికి ఎక్సెల్ తెరవడం ఎందుకు? టీఆర్ కమాండ్‌కి మైనస్ ఎస్ ఇస్తే వరసగా ఎన్ని స్పేస్‌లున్నా వాటన్నిటి చోట ఒక్క ట్యాబ్ పెట్టేస్తుంది, ఒక్క లైన్‌లో పని అయిపోతుంది.

అన్న: పేరులో ఉన్న స్పేస్ వేరు, కాలమ్‌లని విడదీసే స్పేస్ వేరు అని నీ టీఆర్‌కి తెలుసా? రెండు ముక్కల పేరున్న ప్రతి వరసలోనూ డేటా ఒక గడి పక్కకి జరిగి, ఊరు పేరు వెళ్లి ఫోన్ నంబర్ కాలమ్‌లో కూర్చుంటుంది. నేనైతే టెక్స్ట్ టు కాలమ్స్‌లో ఫిక్స్‌డ్ విడ్త్ పెట్టి, గీత ఎక్కడ పడాలో కళ్లారా చూసి పెడతా.

తమ్ముడు: అలాంటి ఫైల్‌కి టీఆర్ పనికిరాదులే. రెండు లేదా అంతకంటే ఎక్కువ స్పేస్‌లు ఉన్నచోటే ట్యాబ్ పెట్టమని సెడ్ కమాండ్‌కి చెప్తా, లేదా కట్ మైనస్ సీతో మొదటి ఇరవై అక్షరాలు పేరు అని కోసేస్తా.

అన్న: తెలుగు పేర్లుంటే అయినట్టే! చాలా లైనక్స్ మెషీన్లలో కట్ మైనస్ సీ అక్షరాలంటూనే బైట్లు లెక్కపెడుతుంది, అక్షరాల్ని బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో 'క'కి మూడు బైట్లు, 'కి'కి ఆరు. పేరు మధ్యలో తెగిపోతుంది.

తమ్ముడు: సరే, దానికి ఆక్ కమాండ్ వాడతా.

అన్న: మరి సీఎస్‌వీ, అంటే కాలమ్‌ల మధ్య కామాలుండే ఫైల్ వస్తే? ఆక్‌కి కామా దగ్గర విడదీయమంటే కోట్స్ లోపల అడ్రస్‌లో ఉన్న కామాని కూడా వదలదు కదా.

తమ్ముడు: పాత మాట. ఆక్‌లోనే ఒక రకమైన గాక్‌కి, 2023లో వచ్చిన 5.3 వెర్షన్‌లో సీఎస్‌వీ ఆప్షన్ ఉంది, కోట్స్‌ని అర్థం చేసుకుంటుంది. అయినా నీ షీట్ ఏమైనా తక్కువ తిందా? 2020లో ఇంగ్లండ్‌లో ల్యాబుల నుంచి వచ్చిన సీఎస్‌వీలని పాత ఎక్స్‌ఎల్‌ఎస్ ఫార్మాట్‌లోకి లాగితే, అందులో 65,536 వరసలే పడతాయి కాబట్టి 15,841 కోవిడ్ కేసులు కొన్ని రోజులపాటు లెక్కలోకి రాకుండా పోయాయి. మిగతా వరసలు పట్టలేదని గట్టిగా చెప్పే దిక్కు కూడా లేదు.

అన్న: అది పాత ఫార్మాట్ వాడిన వాళ్ల తప్పు, ఇప్పుడు 10,48,576 పడతాయి. పైగా ఎక్సెల్‌లోనే ఉండే పవర్ క్వెరీలో స్టెప్స్ ఒకసారి పెట్టుకుంటే వారం వారం ఫైల్ మార్చి రిఫ్రెష్ కొట్టడమే.

తమ్ముడు: మరి సున్నాల సంగతి? నేను 00457 అని శుభ్రంగా పంపితే నువ్వు డబుల్ క్లిక్ చేసి 457 చేస్తావ్, పదహారు అంకెల అకౌంట్ నంబర్ అయితే చివరి అంకె సున్నా అయిపోతుంది. సేవ్ కొట్టావంటే ఇక తిరిగి రాదు. ఫైల్‌ని పాడుచేసేది నా కమాండ్ కాదన్నా, నీ డబుల్ క్లిక్.

అన్న: అందుకే డబుల్ క్లిక్ వద్దంటా, ఇంపోర్ట్‌లో ఆ కాలమ్‌ని టెక్స్ట్ అని పెట్టాలి. నువ్వు మాత్రం ఫైల్ మొదట్లో బీఓఎం, అంటే ఇది యూటీఎఫ్-8 అని ఎక్సెల్‌కి చెప్పే గుర్తు పెట్టి పంపు. నేనైతే ఇంపోర్ట్ చేస్తా గానీ, అది లేకపోతే అంతదాకా వెళ్లని వాళ్లకి తెలుగంతా పిచ్చి గీతల్లా కనపడుతుంది.

తమ్ముడు: బీఓఎం పెడితే అది మొదటి కాలమ్ పేరుకి అతుక్కుని, నా స్క్రిప్ట్‌కి ఆ పేరే దొరకదు! నీకొక కాపీ, నాకొక కాపీ చేస్తా, నీ కాపీని మాత్రం మళ్లీ నాకు పంపకు.