నెట్‌లో పెట్టిన ఫోటో ఊరుమ్మడి సొత్తు కాదు

బోనాల సీజన్ వచ్చిందంటే హైదరాబాద్ వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ చక్కర్లు కొడుతుంది. నెట్‌లో పెట్టిన ఫోటో అందరిదీనట. రిజిస్ట్రేషన్, వాటర్‌మార్క్ (ఫోటో మీద వేసుకునే పేరు ముద్ర) లేకపోతే హక్కే లేదట. కింద పేరు వేస్తే ఎవరైనా వాడుకోవచ్చట. చార్మినార్ ఫోటోలు ఎవరి సొత్తూ కావట. కేసు వేయాలంటే ఢిల్లీ తిరగాలి కాబట్టి వదిలేయడమే మేలట. ఇందులో ఒక్క ముక్కా నిజం కాదు. లాల్‌దర్వాజా తోపులాటలో నిలబడి, పోతరాజు కొరడా ఝళిపించే క్షణం కోసం కాచుకునే కుర్రాళ్లు దీన్ని నమ్మి, తమ ఫోటోలు ఎవరు వాడేసుకున్నా నోరు మూసుకుంటున్నారు. నాకు కోపం వచ్చేది అక్కడే.

ముందు రిజిస్ట్రేషన్ సంగతి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఫోటో తీసిన క్షణమే హక్కు పుడుతుంది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, కోర్టులో సాక్ష్యంగా పనికొస్తుందంతే. ఫోటో కళాఖండమై ఉండాలన్న షరతూ లేదు, ఫోన్‌తో తీసినా చాలు. తీసినవాళ్లు బతికున్నంత కాలం, ఆ తర్వాత 60 ఏళ్లు ఆ హక్కు ఉంటుంది. ఇన్‌స్టాగ్రామ్‌లో పెడితే ఆ కంపెనీకి మనం ఇచ్చేది లైసెన్స్ మాత్రమే. వీధి చివరి ఫ్లెక్సీ షాపుకు అందులో వాటా లేదు.

వాటర్‌మార్క్ లేకపోయినా హక్కు ఎక్కడికీ పోదు. ఉన్నదాన్ని తీసేస్తే అది వేరే నేరం. ఆషాఢం సేల్ ఫ్లెక్సీ ఒకటి చూశాను. పోతరాజు ఫోటో కింద కుడి మూలన ఫోటోగ్రాఫర్ పేరులో చివరి రెండక్షరాలు ఇంకా కనిపిస్తున్నాయి, మిగతా పేరు మీద డిస్కౌంట్ బొమ్మ అతికించారు. పొరపాటున జరిగే పని కాదది. హక్కుదారు వివరాలను అనుమతి లేకుండా, కావాలని తొలగిస్తే కాపీరైట్ చట్టం 65బి సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలు, జరిమానా. 2012 సవరణతో వచ్చిన సెక్షన్ ఇది. మన ఫోటోగ్రాఫర్లలో చాలామందికి తెలియదు, తెలియాలి.

పేరు వేయడం వేరు, అనుమతి తీసుకోవడం వేరు. వార్తకో విమర్శకో న్యాయమైన మేరకు వాడుకోవడానికి చట్టం వీలిచ్చింది. చీరల సేల్‌కు ఇవ్వలేదు. పైగా ఫోటో అమ్మేసినా, ఇది నేను తీసిందే అని చెప్పుకునే హక్కు తీసినవాళ్లకే ఉంటుంది.

చార్మినార్ పురావస్తు శాఖ సంరక్షణలో ఉన్న కట్టడం, నిజమే. కానీ దాన్ని తీసిన ఫోటో తీసినవాళ్లదే. కావాలంటే వెళ్లి అక్కడే నిలబడి సొంతంగా తీసుకోవచ్చు, ఎవరు కాదన్నారు?

ఆ మెసేజ్‌లో లేనిది, అందరూ తెలుసుకోవాల్సింది ఇంకొకటి ఉంది. డబ్బిచ్చి పెళ్లి ఫోటోలు తీయిస్తే, వేరే ఒప్పందం లేనప్పుడు హక్కు తీయించుకున్నవాళ్లదే. అందుకే అడ్వాన్స్ పుచ్చుకునే రోజే కాగితం రాసుకోవాలి. హక్కు బదిలీ చేసినా రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. గడువు రాయకపోతే ఐదేళ్లకే, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే ఇచ్చినట్టు లెక్క.

ఇక 'వదిలేయడమే మేలు' అన్న మాట. 62వ సెక్షన్ ప్రకారం మీరు నివసించే చోట జిల్లా కోర్టులోనే దావా వేయొచ్చు. హైదరాబాద్‌లో ఉంటే హైదరాబాద్‌లోనే. దానికి ముందు చేయాల్సింది, అవతలివాళ్లకు మెసేజ్ పెట్టకముందే లింకు, తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసుకోవడం. అడగ్గానే డిలీట్ చేసేస్తారు మరి. ఒరిజినల్ ఫైల్ దాచుకోండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో కుదించుకుపోయి, తీసిన తేదీ, కెమెరా వివరాలు పోతాయి. ఎవరికైనా ఒరిజినల్ ఇవ్వాల్సి వస్తే డాక్యుమెంట్‌గా పంపండి.