లేసు కవరూ, అరవై వేలూ

తిరుపతి బైరాగిపట్టెడలో మా రెండు పోర్షన్లకూ మధ్య ఉన్నది ఒంటి ఇటుక గోడ. అవతల తాలింపు వేస్తే ఇవతల తుమ్ములొస్తాయి. కాబట్టి ఈ మాటలన్నీ చెవి ఆనించి విన్నానని ఎవరూ అనుకోవద్దు. ఆదివారం పొద్దున పక్క పోర్షన్ ఆవిడ రోట్లో ఊరిబిండి దంచుతోంది. వాళ్లాయన రోకలి చప్పుడు ఆగినప్పుడల్లా ఒక మాట వేస్తున్నాడు.

ఆయన: ఏమే, ఒక అరవై వేలు...

ఆవిడ: (దంచుతూ) వినపడలేదు.

ఆయన: అరవై వేలు కావాలంటున్నా!

ఆవిడ: ఇప్పుడు అసలే వినపడలేదు.

ఆయన: కంప్యూటర్‌కు గ్రాఫిక్స్ కార్డు, ర్యామ్, ఎస్ఎస్‌డీ. మూడూ కలిపి. జీటీఏ 6 అని వీడియో గేమ్ వస్తోంది కదా.

ఆవిడ: వస్తోంది, వస్తోంది అని పాప ఒకటో తరగతిలో చేరినప్పటి నుంచి వింటున్నా. పాప మూడుకొచ్చింది.

ఆయన: మొదటి ట్రైలర్ 2023 డిసెంబరులో వదిలారు. 2025లో ఆట అన్నారు. తర్వాత 2026 మే 26 అన్నారు. ఇప్పుడు నవంబర్ 19 అని గట్టిగా చెప్పారు.

ఆవిడ: మే అన్నప్పుడు మెత్తగా చెప్పారా? అయినా నవంబర్ 19 అంటే కార్తీక మాసం. తెల్లారుజామున తలస్నానం చేసి, దీపం పెట్టి, ఆ తర్వాత కూర్చుని కార్లు దొంగిలిస్తారా?

ఆయన: దొంగతనం కాదే, కథ. జేసన్, లూసియా అని ఒక జంట. లియోనిడా రాష్ట్రం, అందులో వైస్ సిటీ. అమెరికాలో ఫ్లోరిడా, మయామీ ఉన్నాయి చూడు, వాటిని చూసి కట్టిన ఊరు.

ఆవిడ: ఇద్దరూ కలిసే పోతారా దొంగతనానికి?

ఆయన: కలిసే.

ఆవిడ: చూశారా, దొంగ కూడా ఆడమనిషిని వెంట తీసుకుపోతున్నాడు. మీరు నన్ను కపిలతీర్థం తీసుకుపోయి ఎన్నాళ్లయింది?

ఆయన దగ్గర దీనికి జవాబు లేదు. జవాబు లేనప్పుడు ఆయన టెక్నాలజీలోకి దిగుతాడు.

ఆయన: మన సిస్టం సంగతి నీకు తెలియదు. పాత జీటీఏ 5కే నత్తనడక. తెర మీద సెకనుకు 60 ఫ్రేములు, అదే బొమ్మలు, పడాలి, అంటే ఒక్కో ఫ్రేముకు 16.7 మిల్లీసెకన్లు. మనకు పడేది 22 ఫ్రేములు. కారు స్పీడుగా పోతుంటే ముందర రోడ్డే రాదు. గాల్లో తేలుతుంటా. కాసేపటికి రోడ్డొచ్చి టైర్ల కింద పడుతుంది.

ఆవిడ: శ్రీనివాస సేతు ఫ్లైఓవర్ కట్టినన్నాళ్లూ మనం అట్లానే తిరిగాం. అప్పుడు అరవై వేలు అడగలేదే?

ఆయన: జోకులు చాలు. ఓపెన్ వరల్డ్ ఆటంటే ఊరు ఊరంతా ఒకేసారి మెమరీలో పట్టదు. మనం పోయే కొద్దీ ముందు వీధులు డిస్కులోంచి తెచ్చి పరుస్తూ, వెనక వీధులు ఎత్తేస్తూ ఉండాలి. మనదేమో గిర్రున తిరిగే పాత హార్డ్ డిస్కు. తెచ్చేలోపల నేను అక్కడుంటా.

ఆవిడ: పెళ్లి బంతిలో కూడా మీరంతే. వడ్డించేవాడు రెండో ఆకు దగ్గరుంటే మీది ఖాళీ.

ఆయన: ఎస్ఎస్‌డీ అంటే గిర్రున తిరగని కొత్తరకం డిస్కు. అది వేస్తే వడ్డించేవాడు పరుగెత్తుకొస్తాడు. దానికి మరీ అంత కాదులే. అసలు బరువు కార్డూ ర్యామూ. ర్యామ్ ధర బంగారంలా ఎగబాకుతోంది. ఏఐ డేటా సెంటర్ల వాళ్లే మెమరీ అంతా ఎత్తుకుపోతున్నారు. ఇప్పుడే కొని పెట్టుకోవాలి.

ఆవిడ: బంగారంలా ఎగబాకేదయితే బంగారమే కొనండి. మెళ్లో వేసుకుంటా.

ఆయన: ...

ఆవిడ: అవునూ, ఈ ఆట మన కంప్యూటర్‌కు ఎప్పుడొస్తుంది?

రోకలి ఆగింది. ఆయన కూడా ఆగాడు.

ఆయన: నవంబర్లో... టీవీకి తగిలించే ఆటల పెట్టెలున్నాయి చూడు, పీఎస్5కు, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్, ఎస్‌లకు.

ఆవిడ: నేనడిగింది కంప్యూటర్‌కు.

ఆయన: అదీ... అది ఇంకా చెప్పలేదు.

ఆవిడ: చెప్పనే లేదా!

ఆయన: వస్తుందే! ఎప్పుడూ అంతే. జీటీఏ 5 2013 సెప్టెంబర్లో వచ్చింది, కంప్యూటర్‌కు 2015 ఏప్రిల్లో వచ్చింది. వాళ్లదే ఇంకో ఆట రెడ్ డెడ్ రిడెంప్షన్ 2, అది 2018 అక్టోబర్లో వస్తే కంప్యూటర్‌కు 2019 నవంబర్లో.

ఆవిడ: (వేళ్లు మడుస్తూ) ఒకదానికి ఏడాది, ఇంకోదానికి ఏడాదిన్నర పైన. సామీ, మూడు నెలల ముందు వదిలే మూడొందల టికెట్ల కోసమే మా పిన్ని వాళ్లు ఫోన్లు చేసి నా ప్రాణం తోడతారు. మీరు టికెట్టే వదలని దర్శనానికి ముందే గుండు కొట్టించుకుని కూర్చున్నారు కదండీ!

ఆయన: అది కాదే...

ఆవిడ: గమ్మునుండండి. ఇప్పుడు కొన్న కార్డు అప్పటికి పాతదవుతుంది. కంప్యూటర్‌కు ఏమేం కావాలో వాళ్లు చెప్పాక కొందాం.

ఆవిడ న్యాయంగానే మాట్లాడిందని నాకనిపించింది. గోడ ఇవతల కాబట్టి పైకి అనలేదు.

ఆయన: మరి ఇప్పుడు పడే ఈ 22 ఫ్రేముల సంగతి?

ఆవిడ: రండి, విప్పి చూద్దాం.

టార్చి పట్టుకోవడానికి నన్ను పిలిచారు. సీపీయూ దేవుడి గూటి కిందే ఉంది. పాత కర్టెన్ గుడ్డతో ఆవిడ స్వయంగా కుట్టి, అంచుకు తెల్ల లేసు వేసిన కవరు మూడు పక్కలా నేలదాకా జారి ఉంది. ఆట ఆడేటప్పుడు కూడా తీయరట. పక్క పలక విప్పగానే గుప్పున సాంబ్రాణి వాసన. ముందు ఫ్యాను జాలీకి బూడిదరంగు దుమ్ము పరుపులో దూదిలా అట్టకట్టింది. గోటితో లాగితే చింపిరి గుడ్డలా ఒకే ముక్కగా ఊడొచ్చింది. అందులో ఎండిన తులసాకు ఒకటి, అక్షింతలు రెండు.

ఆయన: (కవరు మూలకు విసిరి) చూశావా! నీ సాంబ్రాణి! నీ లేసు! లోపల గాలాడక ప్రాసెసర్ వేడెక్కిపోతోంది. హద్దు దాటితే కాలిపోకుండా అదే వేగం తగ్గించుకుంటుంది.

ఆవిడ: అలిపిరిలో ఉరుకులతో మొదలుపెట్టి మోకాళ్ల పర్వతం దగ్గర కూలబడే మీలాగానా?

ఆయన: 3,550 మెట్లూ ఎక్కాను!

ఆవిడ: ఎక్కారు. మేం దర్శనం చేసుకుని లడ్డూలు తీసుకున్నాక.

పాప బొమ్మలేసే బ్రష్షుతో ఆవిడ దుమ్ము దులుపుతుంటే ఆయన సైకిల్ పంపుతో గాలి కొట్టాడు. ఫ్యాను ర్‌ర్‌ర్‌మని తిరగబోతే ‘రెక్క పట్టుకో! ఊరికే గాలికి గిరగిరా తిప్పితే బేరింగ్ పోతుంది’ అని అరిచాడు. ఆవిడ మారుమాట లేకుండా పట్టుకుంది. తొమ్మిదేళ్ల కాపురంలో ఆయన మాట చెల్లిన సందర్భం అదొక్కటే అయ్యుండాలి, ఆయన మొహం వెలిగిపోయింది. ఎంతోసేపు కాదు.

ఆవిడ: ఈ రెండు ర్యామ్ ముక్కలూ పక్కపక్కనే పెట్టారేం?

ఆయన: ఖాళీ ఉన్న చోట పెట్టా.

ఆవిడ బీరువాలోంచి, రేషన్ కార్డు కింద నుంచి, బోర్డుతో వచ్చిన పుస్తకం తెచ్చింది. డబ్బా మీద రాసిందంతా చదివే మనిషి ఆవిడ.

ఆవిడ: రెండే ముక్కలుంటే రెండో గాడిలో ఒకటి, నాలుగో గాడిలో ఒకటి పెట్టమని బొమ్మేసి మరీ చూపించాడు. మీరు ఒకటీ రెండులో పెట్టారు. రెండు దార్లుంటే జనమంతా ఒకే క్యూలో తోసుకుంటున్నారు.

ఆయన: (నీరసంగా) డ్యూయల్ చానెల్...

ఆవిడ: పేరు తెలుసన్నమాట. ఇంక ఆటలో ఏం తగ్గించొచ్చో చూడండి.

ఆయన: నీడలు, గడ్డి. గడ్డి మరీ ఎక్కువ లాగుతుంది. కానీ గడ్డి తగ్గిస్తే అందం పోతుంది.

ఆవిడ: పోలీసులు తరుముతుంటే పారిపోయేవాడికి గడ్డిపోచల అందం ఎందుకండీ?

అన్నీ బిగించి ఆన్ చేశారు. తెర మూల అంకె 22 దగ్గర లేదు. 40 దాటింది, 50 దాటింది, 54 దగ్గర నిలబడింది. కారు కొండ దిగి సముద్రం పక్కన సాఫీగా పోతోంది. ఆయన స్టీరింగ్ తిప్పుతున్నాడు గానీ మొహంలో కళ లేదు. జబ్బు నయమైనందుకు ఇంత దిగులుపడ్డ మనిషిని నేను చూడలేదు.

ఆవిడ: ఎస్ఎస్‌డీ ఒక్కటి చీటీ డబ్బులు వచ్చాక కొందాం. రోడ్డు కూడా వచ్చేస్తుంది. మిగతాది కంప్యూటర్‌కు తేదీ చెప్పాక.

ఆయన: ...సరే.

మర్నాడు అయిదున్నరకు పాల ప్యాకెట్ తీసుకుందామని వరండాలోకి వచ్చా. వాళ్ల తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపల ఆయన మోకాళ్ల మీద కూర్చుని, లేసు మడతలు సవరిస్తూ, సీపీయూకు కవరు కప్పుతున్నాడు.

ఆవిడ: (వెనక నుంచి) ఏం చేస్తా ఉన్నారు?

ఆయన: ఏం లేదే. దుమ్ము పడుతుందని.

ఆవిడ: నిన్న మూలకు విసిరారు కదా?

ఆయన: పాపం, నువ్వు కష్టపడి కుట్టావు. లేసు బాగుంది.

ఆవిడ: నేను కుట్టింది బాగుందనడం ఇదే మొదలు. ఆ చేతిలో ఏముంది?

ఆయన: (చెయ్యి వెనక్కి పెట్టుకుంటూ) ఏం లేదు... సాంబ్రాణి కప్పు.