అంగడి వీధి: ముందు గోడా, ఇల్లంతానా?

(పాత అంగడి పట్టణాల కట్టడాలను కాపాడాలా, కొత్తవాటికి దారి ఇవ్వాలా? వాటిలో దుకాణం నడిపే వర్తకుడికీ, వాటిని బాగుచేసే వాస్తుశిల్పికీ మధ్య వాదం.)

వర్తకుడు: అంగడి పట్టణం పుట్టిందే వ్యాపారం కోసం. వ్యాపారం మారితే కట్టడం మారకూడదా? కిటికీ మార్చాలన్నా అనుమతి కావాలి. చూసి మురిసిపోయేవారు సాయంత్రానికి వెళ్లిపోతారు, ఖర్చు మాత్రం నా నెత్తిన.

వాస్తుశిల్పి: ఆ విషయంలో నేను మీ పక్షమే. ఫ్రాన్స్ 1962లో, అప్పటి సాంస్కృతిక మంత్రి మాల్రో పేరుతో పిలిచే చట్టంతో పాత పేటలను కాపాడే పని మొదలుపెట్టింది. బాగుచేయించే యజమానులకు పన్ను రాయితీ కూడా ఆ పేరుతోనే ఉంది. అందరి ఆస్తి అన్నప్పుడు భారమూ అందరూ మోయాలి.

వర్తకుడు: ఇంగ్లండులో లావెన్‌హామ్ సంగతి చూడండి. 16వ శతాబ్దం మొదట్లో ఉన్ని బట్టలతో తులతూగిన పట్టణం. ఆ వ్యాపారం చితికిపోయాక ఇళ్లు తిరిగి కట్టే స్తోమత లేకనే ఆ చెక్క చట్రాల ఇళ్లు నిలిచాయి. వియత్నాంలోని పాత రేవు పట్టణం హోయి ఆన్‌లో నది పూడింది, ఓడలు దా నాంగ్ రేవుకు మళ్లాయి, పాత వీధులు మిగిలాయి. మీరు వారసత్వం అంటున్నది పేదరికం మిగిల్చినది!

వాస్తుశిల్పి: నిలిపింది పేదరికమే కావచ్చు, కట్టింది మాత్రం కలిమి. చెక్ దేశంలోని టెల్చ్ 1530లో కాలిపోయింది. ఆ తర్వాత కూడలి చుట్టూ ఇళ్లు మళ్లీ లేచాయి. ఒక్కో ఇంటి నుదురు ఒక్కో తీరు, కింద కమానుల నడవ మాత్రం అందరిదీ. మార్పు వద్దని నేను ఎన్నడూ అనలేదు.

వర్తకుడు: అయితే ముందు గోడ ఉంచి, వెనుకదంతా పడగొట్టి కట్టుకుంటాను.

వాస్తుశిల్పి: నా బాధంతా అదే! అసలు వారసత్వం ముందు గోడలో లేదు, స్థలం కొలతలో ఉంది. అంగడి వైపు ప్రతి అడుగుకూ విలువ ఉండబట్టే స్థలాలు ముందు ఇరుకుగా, వెనక్కి పొడవుగా సాగాయి. ముందు దుకాణం, పైన కాపురం, వెనుక పనివారి కొట్టం. అలా ఒకే వీధిలో ఎన్నో చిన్న వ్యాపారాలు పక్కపక్కనే బతికాయి. నాలుగు స్థలాలు కలిపేస్తే నాలుగు గోడలూ ఉంటాయి, తెరిచే తలుపు ఒక్కటే ఉంటుంది.

వర్తకుడు: మరి చెమ్మ? సిమెంటు పూయించినా ఆగలేదు.

వాస్తుశిల్పి: సిమెంటు పూయించారు కాబట్టే ఆగలేదు. సున్నంతో కట్టిన గోడలోని తడి సున్నపు అతుకుల గుండా బయటికి ఆరిపోతుంది. ఆ దారి మూస్తే ఇటుకలోకి తిరుగుతుంది. ఒకసారి గోడకు వేలు ఆనించి చూడండి. సిమెంటు గీత పదునుగా నిలిచి ఉంటుంది, దాని పక్కన ఇటుక పొరలు ఊడి, ఎర్రటి పొడి వేలికి అంటుతుంది. సిమెంటు చెక్కించి సున్నం పట్టించండి. ఆరడానికి నెలలు పడుతుంది.

వర్తకుడు: అన్ని నెలలూ దుకాణం మూసుకోవాలా?

వాస్తుశిల్పి: ఒక గోడ తర్వాత ఒకటి చేయవచ్చు. ముందు పై అంతస్తు సంగతి చూడండి. దుకాణంలో చోటు కోసం మెట్లు తీసేసి, పైన గదులను పాడుపెట్టినవారు ఎందరో. అక్కడ మళ్లీ కాపురం వస్తే అద్దె మీకు, రాత్రి దీపం వీధికి.

వర్తకుడు: మెట్లు మా నాన్నగారే తీయించారు. వాటి గుర్తు గోడ మీద ఇంకా ఉంది.

వాస్తుశిల్పి: అయితే కొలతలు దొరికినట్టే. రేపు టేపు తీసుకొస్తాను.