గోడకెక్కిన ఆవకాయ

జ్ఞాపకాలను ఊరికే గుర్తుంచుకునే రోజులు పోయాయి. బుర్రలో దాచుకుంటే ఎవరికి కనబడతాయి? మన పెద్దవాళ్ళు తెలియక ఆ పనే చేశారు. భోజనాల దగ్గర పదిసార్లు చెప్పుకుని, పదకొండోసారి పోట్లాడుకుని, దుప్పటి ముసుగుతన్ని పడుకున్నారు. మనం చదువుకున్నవాళ్ళం. జ్ఞాపకమంటే రెండడుగుల వెడల్పు, మూడడుగుల పొడవు ఉండాలి. సోఫాకి మ్యాచ్ కావాలి. చుట్టాలు గుమ్మంలో చెప్పులు విప్పుతుండగానే కంటబడాలి. కాబట్టి ప్రతి ఇంట్లోనూ కుటుంబ ఋతువుల మీద ఒక మిక్స్‌డ్ మీడియా చిత్రం తప్పనిసరి చేయాలని నా డిమాండ్. ముందు మా ఇంట్లో అమలైంది కాబట్టి చెబుతున్నాను.

తెలియనివాళ్ళకు ఒక మాట. మిక్స్‌డ్ మీడియా అంటే వట్టి రంగులతో ఊరుకోకుండా ఫొటోలు, గుడ్డలు, కాగితాలు, పెంకులు, గింజలు, ఏది దొరికితే అది కాన్వాసుకి అంటించడం. 1912లో పికాసో, కుర్చీ అల్లిక అచ్చేసిన ఆయిల్ క్లాత్ ముక్కను బొమ్మలో అంటించి, చుట్టూ తాడు చుట్టాడు. కళాచరిత్ర మలుపు తిరిగింది. మా నాయనమ్మ నలభై ఏళ్ళు నులక మంచానికి తాడు బిగించింది. ఏమీ తిరగలేదు, ఆవిడ నడుం తప్ప.

మా ఆవిడ చేరిన వారాంతపు క్లాసుకి నేనూ తోడు వెళ్ళాను. టీచరు గారు కాన్వాసుని నాలుగు భాగాలు చేయించి, నాలుగు ఋతువులూ వేయమన్నారు. మనకి ఆరు కదండీ అన్నాను. "సింపుల్‌గా ఉంచుదాం సర్" అన్నారు. శరత్తుకీ శిశిరానికీ కలిపి కిట్‌లో ఒక ఎండు మేపుల్ ఆకు ఇచ్చారు. శరత్తంటే మనకి వెన్నెల, బతుకమ్మ పూలు. ఆకులు రాలేది శిశిరంలో. అయినా మా వంశంలో ఇంతవరకు మేపుల్ ఆకు రాలిన దాఖలా లేదు. రాలినవి వేపాకులు. అవి కూడా నిశ్శబ్దంగా, కవితాత్మకంగా రాలలేదు. పొద్దున్నే వాకిలి ఊడ్చే మనిషి తిట్లతో కలిసి రాలాయి. తిట్లు అంటించడానికి జిగురు ఇంకా రాలేదట.

తర్వాత జెస్సో. పేరు చూసి ఏదో విదేశీ మందనుకున్నాను. సుద్దా జిగురూ కలిపిన తెల్లపూత. కాన్వాసుకి ముందు అది వేస్తే గాని రంగు పట్టదు. సిద్దిపేట జిల్లా చేర్యాలలో పటాల బొమ్మలు వేసే నకాషీలు ఖాదీ గుడ్డకి చింతగింజల గంజి, సుద్దమట్టి పూసి తరతరాలుగా చేస్తున్నది ఇదే. శ్రీకాళహస్తి కలంకారీ వాళ్ళు గుడ్డని కరక్కాయ రసంలోనూ గేదెపాలలోనూ తడిపి, బెల్లంలో ఇనుము నానబెట్టి నల్లరంగు తీస్తారు. ఈ సంగతి చెబితే టీచరు గారు "వావ్, చాలా ఆర్గానిక్" అని, నా చేతిలో డబ్బా పెట్టి బిల్లు రాశారు.

సరుకు సేకరణకి ఊరెళ్ళాను. "అమ్మా, ఇంట్లో పనికిరానివేమైనా ఉంటే ఇవ్వు" అన్నాను.

"మనింట్లో పనికిరానివి ఎందుకుంటాయిరా?" అంది, నా వంక కాస్త ఎక్కువసేపే చూస్తూ.

అన్నట్టే, ఏదీ ఇవ్వలేదు. పగిలిన జాడీ మూత చేమంతి కుండీ కింద ఉంది. చిరిగిన వెంకటగిరి చీర ఆవకాయ ముక్కలు తుడవడానికి ఉంది. ఆఖరికి అటక మీద 1994 మే నెల క్యాలెండర్ కాగితం ఒకటి దొరికింది, అటుకుల డబ్బా అడుగున పరిచి. అది మటుకు తీసుకోనిచ్చింది.

మా ఇంట్లో ఎండాకాలమంటే ఆవకాయ. టీచరు గారు ఎర్ర యాక్రిలిక్ మీద నాలుగు ఆవగింజలు చల్లి "సమ్మర్ వైబ్" తెప్పించమన్నారు. నాకు తెలిసిన వైబ్ వేరు. కత్తి కింద కాయ టెంకతో సహా ఠప్పున విడిపోయేది. ఒక్కో ముక్కకీ జీడి తీసి, లోపలి పొర గీకి, పొడిగుడ్డతో తుడవాలి. తడి తగిలితే బూజే. ఆవపిండి కొడుతుంటే వీధి చివరి దాకా తుమ్ములు. కలిపిన బేసిన్‌లోనే వేడన్నం వేసి కలిపి, అమ్మ మా చేతుల్లో ముద్దలు పెట్టేది. ఆ రాత్రి అమ్మ తన రెండు చేతులూ నీళ్ళ బొక్కెనలో ముంచి కూర్చునేది, కారం మంటకి. మూడో రోజు తిరగకలపడానికి మళ్ళీ అవే చేతులు.

ఆ బొక్కెన కూడా వేద్దామన్నాను. "నెగెటివ్‌గా ఉంటుందేమో" అన్నారు టీచరు గారు. ఋతు జ్ఞాపకాల్లో మంట ఉండకూడదని అక్కడే నేర్చుకున్నాను.

సంక్రాంతి భాగానికి పాత ఫొటో పెట్టాం. ముగ్గు ముందు పదకొండు మంది, మధ్యలో గొబ్బెమ్మలు, కొత్త చొక్కాలో నేను. కుడి అంచున గరిటె పట్టుకున్న ఒక చెయ్యి, మోచేతి దాకా. మిగతా మనిషి ఫ్రేములో లేదు, అరిసెలు మాడతాయని పరుగెత్తింది. కంపోజిషన్ కోసం ఆ చెయ్యి కత్తిరించేయమని సలహా వచ్చింది. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, బొమ్మ బాగా కుదిరింది.

ఇంతలో నాకు అసలుతనం పిచ్చి పట్టింది. రంగుల బదులు నిజం పసుపు, ముగ్గుకి నిజం బియ్యప్పిండి, ఆవకాయకి నిజం నూనె వాడాను. నూనె తగిలిన చోట రంగు పట్టక పొరలు పొరలుగా లేచింది. పసుపు చేతిముద్ర మీద సున్నపు గోడ పొడి రాలి, పారాణిలా ఎర్రబడింది. కిటికీ పక్కన ఎండ తగిలిన మిగతా సగం రెండు నెలల్లో వెలిసిపోయింది. బియ్యప్పిండి సంగతి చీమలే చూసుకున్నాయి. వాకిట్లో ముగ్గు వేసేది చీమల కోసమేనంటారు. పదకొండో అంతస్తు వాకిట్లో ఎప్పుడూ కనబడని చీమలు ఈ ముగ్గు వాసన పట్టి ఎలా ఎక్కొచ్చాయో మరి.

అమ్మ మొన్న వచ్చింది. అందరం హాల్లో నిలబడ్డాం. మా ఆవిడ ఫోన్లో వీడియో ఆన్ చేసింది, కళ్ళనీళ్ళు మిస్సవ్వకూడదని. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని ఆవకాయ దాటింది, మేపుల్ ఆకు దాటింది, ఫొటో దగ్గర ఒక్క క్షణం ఆగి "ఇక్కడ నా చెయ్యి ఉండాలే" అని, అదీ దాటింది. క్యాలెండర్ ముక్క దగ్గర మటుకు నిలబడిపోయింది. గళ్ళలో పెన్సిల్‌తో తను రాసుకున్న పాల లెక్క. వేలు పెట్టి ఒక్కో తేదీ చదివింది.

"చూశావా, 18న పాలే పోయలేదు. అయినా నెలంతటికీ డబ్బులు పట్టుకుపోయాడు. నేను అప్పుడే అన్నా, మీ నాన్న వినలేదు" అంది.

తర్వాత తడిగుడ్డ అడిగి తెప్పించుకుని, చీమలు తుడిచింది. ముగ్గు కూడా పోయింది.