పశువుల డాక్టరుకు రాత్రిపూట పనుండదా?

"ఎంబీబీఎస్ సీటు రాలేదని బాధపడకండి, వెటర్నరీలో చేరండి. నైట్ డ్యూటీ లేదు, ఎమర్జెన్సీ లేదు, టెన్షన్ లేదు, సాయంత్రానికి ఇంట్లో ఉంటారు." ఇంటర్ పిల్లల తల్లిదండ్రులు ఒకరికొకరు పంపుకుంటున్న మాట ఇది. ఈ వృత్తిలో ఉన్నవాడిగా దీన్ని ఒప్పుకోలేను. ఇది నమ్మి చేరిన పిల్లలు అయిదున్నరేళ్ల చదువు అయ్యాక ఏదో ఒక మండలంలో ఒంటరిగా నిలబడతారు.

ముందు నైట్ డ్యూటీ సంగతి. ఆస్పత్రి బోర్డు మీద వేళలు రాసి ఉంటాయి, నిజమే. ఈనే గేదెకు ఆ వేళలతో పనిలేదు. మన గేదెల్లో గర్భసంచి మెలిక పడటం తరచూ చూస్తాం. నొప్పులు మొదలై గంటలు గడిచినా దూడ బయటికి రాదు. చెయ్యి పెట్టి చూస్తే దారి మెలి తిరిగి ఉంటుంది. మెలిక ఎటుందో తేల్చుకుని గేదెను అదే పక్కకు పడుకోబెట్టాలి. డొక్క మీద పొడవాటి చెక్క వేసి, ఒక మనిషిని దానిమీద నిలబెట్టి, కాళ్లకు తాళ్లు కట్టి మెలిక వైపుకే దొర్లించాలి. విడకపోతే మళ్లీ దొర్లించాలి. అప్పటికీ విడకపోతే ఆ పాకలోనే, టార్చిలైటు వెలుగులో సిజేరియన్. తెల్లారేదాకా ఆగితే దూడ దక్కదు, ఒక్కోసారి తల్లి కూడా దక్కదు.

పాలజ్వరమూ అంతే. పేరుకు జ్వరమే గానీ, ఇది రక్తంలో కాల్షియం పడిపోవడం. ఈనిన రెండు మూడు రోజుల్లోపే, అదీ బాగా పాలిచ్చే ఆవుకే ఎక్కువగా వస్తుంది. లేవలేదు, చెవులు చల్లబడతాయి, తల డొక్కకు ఆనించుకుని పడుంటుంది. కాల్షియం నరానికి ఎక్కిస్తే చాలాసార్లు కళ్లముందే లేచి నిలబడుతుంది. తొందరపడి ఎక్కిస్తే గుండె ఆగిపోతుంది. అందుకే స్టెతస్కోపు పెట్టి గుండె వింటూ నెమ్మదిగా ఎక్కిస్తాం. ఫోనులో చెప్పి చేయించే పని కాదిది.

సిటీలో కుక్కల క్లినిక్ పెట్టుకుంటే మన టైము మన చేతిలో ఉంటుందని కూడా అంటారు. పార్వో వైరస్ సోకి రక్తవిరేచనాలవుతున్న కుక్కపిల్లకు రాత్రంతా సెలైన్ ఎవరు పెట్టాలి?

ఇక టెన్షన్. మంచి ముర్రా గేదె లక్ష రూపాయల పైమాటే. అప్పు చేసి కొన్న గేదె చచ్చిపోతే ఆ ఇంటివాళ్ల ముఖాల్లోకి చూడటం ఎంత కష్టమో డాక్టరుకే తెలుసు. మన ఒంటికీ ప్రమాదం ఉంది. మేత మింగలేక చొంగ కారుస్తున్న ఆవును చూపించి "గొంతులో ఏదో ఇరుక్కుంది సార్" అంటారు. నోట్లో చెయ్యి పెట్టి వెతికాక అది రేబిస్ అని తేలిన సందర్భాలున్నాయి. అందుకే ఈ వృత్తిలో ఉన్నవాళ్లు రేబిస్ టీకా ముందే వేయించుకోవాలి. పశువులకు గర్భస్రావాలు తెచ్చే బ్రూసెల్లా జబ్బు రాకుండా పెయ్యదూడలకు వేసే టీకాలో ఉండేది బతికున్న సూక్ష్మజీవి. ఆ సూది మన చేతికి గుచ్చుకున్నా జబ్బు రావచ్చు.

ఆ మాటలో నిజం బొత్తిగా లేదనను. టీకాలు తయారుచేసే సంస్థల్లో, ల్యాబుల్లో, దాణా కంపెనీల్లో పనిచేసేవాళ్లకు చాలావరకు వేళలు కుదురుతాయి. ఊళ్లు తిరిగి చేసే పనికి వచ్చేసరికి అలా కుదరదు. గాలికుంటు టీకా ఆరునెలలకోసారి వెయ్యాలి. పశువులు మేతకు వెళ్లకముందే ఊళ్లో ఉండాలి, అంటే చీకటితో బయల్దేరాలి.

"1962కి ఫోన్ చేస్తే పశువుల అంబులెన్సు బండి వస్తుంది కదా, ఇంక ఆస్పత్రి డాక్టరుకు పనేముంది" అని ఇంకో వాదన. ఆ బండి మేలు చేస్తోంది, కాదనను. కానీ ఆ బండిలో వచ్చేదీ మాలాంటి డాక్టరే. మెలిక పడిన గేదె దగ్గర ఒక రాత్రి గడిచిపోతే, అదే వేళకు ఇంకో ఊళ్లో పడిపోయిన ఆవు దగ్గరికి ఎవరు వెళ్లాలి?

పశువైద్యుడికీ నిద్ర, కుటుంబం, సెలవు కావాలి. అవి దొరకడం అసాధ్యమూ కాదు. ఖాళీ పోస్టులు నింపి, పక్కపక్క మండలాల డాక్టర్లు రాత్రి కాల్స్ వంతులవారీగా చూసుకునేలా ఏర్పాటు చేస్తే చాలా మారుతుంది. "వాళ్లకు రాత్రి పనేముంది" అని అందరూ నమ్మినంతకాలం ఆ వంతుల ఏర్పాటు అడిగినా ఎవరూ వినరు.